నేను పోని జైలు

ఆ రోజుల్లో జైలుకు పోయి రావడమంటే ఈ రోజుల్లో పిల్లలు డాక్టరు సీటు తెచ్చుకోవడం లాంటిది. తల్లిదండ్రులు పైకి వద్దంటారు, లోపల మురిసిపోతారు. చుట్టాలు పైకి మెచ్చుకుంటారు, లోపల మండిపోతారు. అరవై తొమ్మిది ఎండాకాలం నాటికి జనగామలో చదువుకునే మా కుర్రాళ్లలో రెండే జాతులు మిగిలాయి: జైలుకు పోయి వచ్చినవాళ్లు, పోవడానికి బట్టలు సర్దుకున్నవాళ్లు. కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు ఎప్పుడో దేవుడికి కూడా తెలియదు (ఈ ఒక్క విషయంలో తెలంగాణ ఉద్యమానికి నా సంపూర్ణ మద్దతు మొదటి రోజు నుంచీ ఉంది). ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. మహబూబాబాద్‌లో, అంటే మా నోటి మానుకోటలో, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ముందుకొచ్చిన పొట్ట, వెనక్కి పోయిన జుట్టు, ఒక భార్య, ఒక కూతురు, ఇంతే నా సంపాదన. నా బతుకులో చెప్పుకోదగ్గ వీరగాథ ఏదైనా ఉందంటే అది అప్పటి నా జైలు యాత్ర ఒక్కటే. దాంట్లో చిన్న లోపం ఉంది. నేను జైలుకు పోలేదు.

మాది దేవరుప్పుల పక్కన ఒక ఊరు. మా నాయిన ఊరికి పెద్ద పటేలు. భూమి ఉంది, బావులున్నాయి, సర్పంచి కుర్చీ మీద తీరని ప్రేమ ఉంది. నా దోస్తుది అదే ఊళ్లో చర్చి వెనక వాడ. తండ్రి లేడు. ఒక ఎకరం చెలక, తల్లి కూలి, అంతే ఆధారం. ఆమె నాట్లు వేసేది మా పొలాల్లోనే. వాడు గొంతు విప్పితే మూడో ఊళ్లో కుక్కలు మొరుగుతాయని ప్రతీతి, అందుకే చిన్నప్పటి నుంచి అందరూ వాణ్ణి 'మైకు' అనేవాళ్లు. వాడు నన్ను 'పటేలు' అనేవాడు. ఆ పిలుపులో సగం గౌరవం, సగం వెక్కిరింత. ఎప్పుడు ఏ సగమో వాడి ముఖం చూస్తే తప్ప తెలిసేది కాదు. జనగామలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఊరేగింపుల్లో నినాదం వాడిచ్చేవాడు, జిందాబాద్ నేననేవాణ్ణి, అదీ పక్కన పదిమంది అన్న తర్వాత. "పటేలూ, నువ్వు అరుస్తున్నవా, పెదవులు ఆడిస్తున్నవా?" అని ఒకనాడు అడిగాడు. అరుస్తున్నానన్నాను. "మరి పక్కనే ఉన్న నాకు ఇనపడకపాయె! గవర్నమెంటుకు ఎట్ల ఇనపడతదిరా?" అన్నాడు.

సత్యాగ్రహం చేసి అరెస్టు కావడానికి మా ఊరి తరఫున మా ఇద్దరి వంతు వచ్చింది. ఊరు ఊరంతా కదిలింది. డప్పులు, దండలు, హారతులు. మా అమ్మ బొట్టు పెట్టి ఏడ్చింది. మైకు వాళ్లమ్మ కూలికి పోకుండా వచ్చి, ఏడవకుండా, వాడి జేబులో ఇన్ని పల్లీలు పోసింది. మా నాయిన మాత్రం గడప దగ్గరే నిలబడి, మీసం దువ్వుకుంటూ, నలుగురూ వినేలా అన్నాడు: "వద్దంటే ఇనకపోతివి. పోతే పోయినట్టుండాలె. నడుమనే భయపడి వాపసొస్తే ఈ గడప తొక్కకు." నేను తల ఎగరేసి "రాను నాయినా" అన్నాను. అంత ధైర్యంగా నేను మాట్లాడిన మాట అదే మొదటిది, ఇప్పటిదాకా అదే ఆఖరిది కూడా.

ఆ రాత్రి మా గదిలో పడుకుని, మర్నాడు జనగామలో తాలూకా కచేరి ముందు బైఠాయించాం. అరగంటలో పోలీసులు వచ్చి మమ్మల్ని రెండు లారీల్లోకి ఎక్కించారు. తోపులాటలో మైకు ముందు లారీలో పడ్డాడు, నేను వెనక లారీలో. వాడు అక్కడి నుంచే చెయ్యెత్తి "పటేలూ, లోపల కలుద్దాం!" అని అరిచాడు. (ఆ అరుపు మాత్రం గవర్నమెంటుకు వినపడే ఉంటుంది.) ముందు లారీ కదిలిపోయింది. మా లారీ కదిలే ముందు ఒక పోలీసాయన వచ్చి, పేర్లు రాసుకుంటూ రాసుకుంటూ నా దగ్గర ఆగాడు. రెండేళ్ల కింద మా ఇంట్లో నాటుకోడి కూర తిని, మా నాయినకు సలాము చేసి పోయిన మనిషి.

"నువ్వు పటేలు కొడుకువు గాదూ?"

"అవును సార్."

"దిగు."

"దిగను సార్. అరెస్టు చెయ్యిండ్రి."

"దిగు బిడ్డా. నిన్ను లోపలేస్తె మీ నాయినకు నేనేం జవాబు చెప్పాలె? జర నా మీద దయ ఉంచు."

అరెస్టు కావడానికి పోయి, పోలీసు చేత బతిమాలించుకుని బయటపడ్డ సత్యాగ్రహి తెలంగాణ మొత్తంలో నేనొక్కణ్ణే అనుకుంటాను. మైకును దిగమని ఎవరూ బతిమాలలేదు. వాడింట్లో కోడికూర తిన్న పోలీసు ఎవరూ లేరు మరి. లారీ వెళ్లిపోయింది. మెడలో బంతిపూల దండతో, చేతిలో రెండు జతల బట్టల సంచితో, జనగామ రోడ్డు మీద నేను నిలబడ్డాను. ఇంటికి పోదామంటే నాయిన మాట. గదికి పోదామంటే పక్కగది వాళ్లు పొద్దున్నే నన్ను భుజాల మీద ఎత్తుకుని సాగనంపారు. ఆలోచించగా ఆలోచించగా చిట్యాల దగ్గర మా అక్క ఇల్లు గుర్తొచ్చింది. దండ తీసి ఒక బర్రెకు పెట్టి (అది నాకంటే హుందాగా తీసుకుంది), బస్సులు బందు కాబట్టి ఊక లారీలో హనుమకొండ, అక్కడి నుంచి దొరికిన బండినల్లా ఎక్కి పరకాల మీదుగా రెండో రోజు పొద్దుగూకేసరికి అక్క వాకిట్లో వాలాను.

అక్క నన్ను చూసి గుండెలు బాదుకుంది. "జైలు నుంచి పారిపోయొచ్చినవా తమ్మీ!" అంది. "పోతేగదనే పారిపోయేది" అన్నాను. సంగతంతా విని ఆమె నన్ను అటక మీద దాచింది. ఉల్లిగడ్డలకూ మిరపకాయల మూటలకూ నడుమ నా చెరసాల. పొద్దున అంబలి బదులు పాలు, పగలు పప్పు, నెయ్యి, ఐతారం నాడు కోడి. ఇరుగుపొరుగు వస్తే నేను ఉల్లిగడ్డలతో సమానంగా నిశ్శబ్దంగా ఉండాలి, అంతే శిక్ష. పదో రోజున మా నాయిన వచ్చాడు. నన్ను లారీ దింపిన మర్నాడే పోలీసాయన పోయి చెప్పాడట, అక్క ఇల్లు తప్ప నాకు దిక్కు లేదని నాయినే ఊహించాడు. నిచ్చెన కింద నిలబడి, తలెత్తి నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అక్క వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ఊరంత వీడు జైల్ల ఉన్నడనే అనుకుంటున్నది. ముసలోళ్లు సుత నాకు దండం పెడుతుండ్రు. వచ్చే ఎలక్షన్ల నేను నిలవడాలె. ఆ మైకు పోరడు బయటికొచ్చే దాక వీణ్ణి గిక్కడనే ఉంచు బిడ్డా. గడ్డం గియ్యనియ్యకు." పోతూ పోతూ నా వైపు వేలు చూపించి, "నెయ్యి తక్కువెయ్యి. బుగ్గలొస్తున్నయ్" అన్నాడు. అక్క ఆ ఒక్క మాటా వినలేదు.

నెల కావస్తుండగా మైకును విడిచారు. ఆ రోజుకు నాయిన నన్ను జనగామకు తెప్పించి, వాడు రైలు దిగే చోట నిలబెట్టాడు. వాడు దిగాడు. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంది ఒళ్లు. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి పట్టుకుని, "ఏ జైల్ల ఏసిండ్రురా నిన్ను? కొట్టిండ్రా?" అన్నాడు. తర్వాత చెబుతానన్నాను. ఊరికి పోయే ఎడ్లబండిలో, బండి తోలేవాడికి వినపడకుండా, చెప్పాను.  వాడు నా బుగ్గ పట్టి లాగి చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. ఎడ్లు బెదిరేంత నవ్వు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు నవ్వాడంటే ఇక ఫరవాలేదనుకున్నాను. ఊళ్లో సభ పెట్టారు. నేను జైలు కష్టాల గురించి ముప్పావు గంట మాట్లాడాను. చువ్వల్లోంచి కనిపించే చందమామ, నల్లుల కంబళి, రాళ్లు కలిసిన అన్నం, అన్నీ అటక మీద ఊరికే కూర్చుని అల్లుకున్నవే. ముసలమ్మలు కొంగులు తడుపుకున్నారు. మైకును కూడా మాట్లాడమన్నారు. మూడు ఊళ్లకు వినపడే గొంతు వాడిది, ఆ రోజు రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు: "పటేలు నా పక్కనే పండేటోడు. గురక వెడతడు." ఆ గురక ముక్కతో నా జైలుకు రాజముద్ర పడింది.

ఆ తర్వాత నా జైలు నాకు చాలా లాభాలు తెచ్చింది. నాయిన సర్పంచి అయ్యాడు. ఇక ఉద్యోగం వేళ పోలీసులు విచారణకొస్తే, ఠాణా కాగితాల్లో నా పేరు మీద మచ్చుకైనా ఒక కేసు లేదు. ఊళ్లో త్యాగి, కాగితం మీద బుద్ధిమంతుడు, ఇంతకంటే మంచి గుమాస్తా సర్కారుకు ఎక్కడ దొరుకుతాడు? పెళ్లిచూపుల్లో మా మామగారు "జైలుకు పోయొచ్చిన పిల్లగాడు, కష్టం సుఖం ఎరుకున్నోడు" అని పిల్లనిచ్చేశాడు. మైకు సంగతి వేరు. వాడు లోపలున్న నెలలో చెలక బీడు పడింది, తల్లి మంచం పట్టింది. ఆ ఏడు వాడు పరీక్ష రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు. తల్లి పోయాక, నేనున్నానని మానుకోటకొచ్చి మైకుసెట్ల దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకు, సభలకు, క్రిస్మస్‌కు వాడి గొట్టాలే. ప్రతి ఐతారం మా ఇంటికొచ్చి అన్నం తిని పోతాడు. జైలు ముచ్చట వాడు ఎత్తడు. నేను ఎత్తితే లేచి చెయ్యి కడుక్కుంటాడు. నా భార్య మాత్రం దాన్ని రోజూ ఎత్తుతుంది. "జైల్ల నల్లుల కంబళి కప్పుకున్నోనికి, ఇంట్ల దుప్పటి ఉతికింది కాదంటే కోపమా?" "రాళ్లన్నం తిన్న నోటికి నా వంకాయ కూరల ఉప్పెక్కువైందా?" చెయ్యని త్యాగానికి పదిహేనేళ్లుగా నేను అనుభవిస్తున్న శిక్ష ఇది.

ఇలా హాయిగా ముసలివాణ్ణయిపోయేవాణ్ణే, నా కూతురు ఎనిమిదో తరగతికి రాకపోయి ఉంటే. బళ్లో వార్షికోత్సవానికి 'నేను మెచ్చిన మనిషి' అని వ్యాసం రాయమన్నారట. నోటుబుక్కు పెన్సిలు తీసుకుని నా ముందు కూర్చుంది. నేను విజృంభించాను. ఈసారి చందమామతో పాటు ఒక వార్డరునూ, వాడి లాఠీనీ, నా వీపునూ కూడా చేర్చాను. పిల్లకు సాక్ష్యం కావాలి కదా, మర్నాడు మైకు దుకాణానికి పోయింది. వచ్చి, వాకిట్లో చెప్పులు విడవకముందే అంది:

"బాపూ, మైకు కాక జైలుకు పోలేదు."

"అదేందే?"

"పోతే చెప్పడా? ఏం తింటుండె కాకా అంటే, ఏముంటది బిడ్డా, లేసుడు తినుడు పండుడు అంటడు. చువ్వల కెల్లి చందమామ కనపడుతుండెనా అంటే, ఉండెనో లేకుండెనో అంటడు. వార్డరు పేరే ఎరుక లేదు! నీకు అన్నీ యాదికున్నయ్, ఆయనకు ఒక్కటి లేదు. ఉత్తగనే నీ పేరు జెప్పుకొని తిరుగుతుండు."

నేను చెప్పవలసిన మాట అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "వాడట్లనే మాట్లాడతడు తియ్యి" అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

వార్షికోత్సవం సాయంత్రం బడి ఆవరణలో జరిగింది. మైకుసెట్టు వాడిదే. వేదిక పక్కన బల్ల మీద ఆంప్లిఫయరు, దాని వెనక స్టూలు మీద వాడు. నేను ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాలో, ఆడవాళ్ల వరుసలో పట్టుచీరలో నా భార్య. బహుమతి వచ్చిన వ్యాసమని మా అమ్మాయిని చదవమన్నారు. బడిలో నేర్పిన పుస్తకాల భాషలో చదివింది. వార్డరు వచ్చాడు, లాఠీ లేచింది, చప్పట్లు పడ్డాయి. చివర్లో ఇలా ఉంది: "మా నాన్నగారితో కలిసి తామూ చెరసాలకు వెళ్లామని చెప్పుకొనేవారు మన ఊరిలో ఒకరున్నారు. చెరసాలకు కిటికీ ఉన్నదో లేదో కూడా వారు చెప్పలేకపోయారు. నిజమైన త్యాగికి అన్నీ గుర్తుంటాయి." జనం గొల్లున నవ్వారు. ఒకరిద్దరు వేలు పెట్టి మైకును చూపించారు కూడా. వాడు తల వంచుకుని ఆంప్లిఫయరు మీద ఏదో మీట తిప్పుతున్నాడు. పిల్ల గొంతు సన్నగా ఉంది, వెనక వరుసలకు అందడం లేదు. వాడు శబ్దం పెంచుతున్నాడు.

 ఇన్నేళ్లు నేను జైలుకు పోయానని అబద్ధమాడాను, అదొక తీరు. ఇప్పుడు నిజంగా పోయినవాడి జైలును గుంజుకుని వాణ్ణి నడిబజారులో నిలబెట్టాను. ఇంతలో హెడ్మాస్టరు గారు త్యాగమూర్తి రెండు మాటలు మాట్లాడాలన్నారు. లేచాను.  వేదిక మీది మైకు ముందు నిలబడి, పక్కన కూతురు, గొంతు సవరించుకుని, "నేను జైలుకు..." అన్నాను. గొట్టాలు గుయ్యిమన్నాయి. "నేను జైలుకు పోలేదు, పోయింది..." అనేలోపు అంతా నిశ్శబ్దం. మైకు చచ్చింది. తిరిగి చూస్తే స్టూలు మీద వాడు ఊడదీసిన వైరు చేతిలో పట్టుకుని, నా వైపు కళ్లెర్రజేసి తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను వట్టి గొంతుతోనే చెప్పాను. నా గొంతు ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. జనానికి వినపడింది "నేను జైలుకు" వరకే. హెడ్మాస్టరు గారు, పాపం కొంచెం చెవుడు, కళ్లు తుడుచుకుని నాకు శాలువా కప్పారు. మిగతా ముక్క ఆ వేదిక మీద విన్నది ఒక్కతే, నా కూతురు.

సభ అయ్యాక వేదిక వెనక్కి పోయాను. వాడు వైరు చుట్టుకుంటున్నాడు.

"ఏమాయె పటేలూ నీకు? పిల్ల ముంగట పరువు తీసుకుంటరార ఎవలన్న?"

"నీ పరువో?"

"నాదేమున్నది. మైకు సెట్టోనికి పరువెందుకు? సౌండు మంచిగుంటె చాలు."

మా అమ్మాయి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. నా వైపు చూడలేదు. "కాకా, నువ్వు నిజంగనే పోయినవా?"

"పోయిన బిడ్డా."

"మరి అడిగితే ఎందుకు చెప్పకపోతివి?"

వాడు చుట్టడం ఆపి, నిజంగానే తప్పు చేసినవాడిలా అన్నాడు: "మీ బాపు నీకు ఏం చెప్పిండో నాకు ఎరుక లేకపాయె. రెండు తీర్ల చెప్తె పట్టుకుంటవని భయపడ్డ." అది విని ఆమె ఏడ్చింది. ఎందుకో, ఎవరి కోసమో, అడిగే హక్కు నాకు లేదు.

వాణ్ణి ఇంటికి లాక్కొచ్చాను. నా భార్యకు వంటింటి గుమ్మంలోనే అంతా చెప్పేశాను. నాయిన, అటక, నెయ్యి సహా. ఆమె చేతిలో గంటెతో అలాగే విన్నది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. రెండు కంచాలు పెట్టింది, ఒకటి కూతురికి, ఒకటి మైకుకు. "నువ్వు తిను అన్నా" అంది. "ఆయన చిట్యాలల తినొచ్చిండు." ఆ పూట నాకు కూర మిగల్లేదు, మజ్జిగన్నమే దక్కింది. వారం దాకా ఆమె నాతో మాట్లాడింది కూడా కూతురి ద్వారానే.

తింటూ ఉండగా అమ్మాయి మళ్లీ అడిగింది, ఈసారి నోటుబుక్కు లేకుండా. వాడు మొదటిసారి చెప్పాడు. చువ్వల్లోంచి చందమామ కనపడదట, ఎదురుగా గోడ ఉంటుందట. ఎవరూ కొట్టలేదట. మొదటి మూడు రోజులు అమ్మ గుర్తొచ్చి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాడట, తన గొంతు పెద్దది కదా, అందరికీ వినపడుతుందని.

"మీ బాపు నా ఎనక లారీలనే ఉండె. ఎక్కడ దింపిండ్రో తెల్వది. రోజు కొత్త బ్యాచి వస్తుండె. గేటు సప్పుడైతె చాలు, ఉరికిపోయి చూస్తుంటి. వీడు బక్కోడు, గట్టిగ అరవనన్న రాదు, ఏ ఠాణల పడేసి కొడుతుండ్రో ఏమో అనుకుంట. జమాదారు తిడుతుండె, నీ దోస్తు రాడు పోరా అని. నా పక్కన జాగ ఎవలనూ పండనియ్యలే ఆఖరి దినం దాక."

నేను మజ్జిగన్నం కలుపుతూ ఉండిపోయాను. ఎడ్లబండిలో వాడు అంతసేపు నవ్వింది నా బుగ్గలు చూసి అనుకున్నాను ఇన్నాళ్లూ. నేను బతికున్నందుకు అని నాకు తోచనే లేదు. ఇరవై ఏళ్ల వయసులో మనిషి తెలివి అంతే ఉంటుంది కాబోలు. నలభై దగ్గర పడ్డాక ఏమంత పెరిగిందని కూడా చెప్పలేను.

వాడు లేచి చెయ్యి కడుక్కుని, దుకాణానికి పోవాలన్నాడు. రెండు గొట్టాల్లో ఒకటి నేను భుజాన వేసుకున్నాను. వద్దన్నాడు, వినలేదు. కోమటి వీధి దాటి స్టేషను రోడ్డు దాకా నడిచాం. నల్లులు నిజంగా ఉండెనా అన్నాను. ఉండె అన్నాడు. అన్నంలో రాళ్లు? అన్నం మంచిదే, పప్పే నీళ్లు అన్నాడు. మీ అమ్మ పోసిన పల్లీలు ఏమయ్యాయి, పండుగ నాడు ఏం పెట్టారు, విడిచిన రోజు మొదట ఎవరి ముఖం చూశావు, ఇలా అడుగుతూనే ఉన్నాను. ఇన్నేళ్లుగా జైలు మీద ఉపన్యాసాలిచ్చిన పెద్దమనిషికి ఆ దారి పొడుగునా అడగడానికి ప్రశ్నలే దొరికాయి. దుకాణం తాళం తీస్తూ వాడు నవ్వాడు. "ఏంది పటేలూ, ఇప్పుడు పోదామనుకుంటున్నవా ఏంది?" అన్నాడు.